లోపలి గడియ

మీరాబీ దృష్టిలో అది పరీక్షే. నందిగామ సెంటర్లో ఆరు నెలలకోసారి పిల్లల నడక కొలుస్తారు, అది కొలత మాత్రమే, అందులో పాసూ ఫెయిలూ ఉండవు అని ఫిజియోథెరపీ మేడం మహిమ ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. గడియారం పెట్టి, నేల మీద గీతలు గీసి, కాగితం మీద రాసుకుంటున్నారంటే అది పరీక్ష కాక పెళ్లిచూపులా అని ఆమె వాదన. పరీక్ష అన్నాక చదివించాలి గదా. పోయినసారి మనవరాలు జాకియా సగంలోనే కూలబడిపోయింది. అప్పటి నుంచీ మీరాబీ ఆ పిల్లకు ట్యూషన్ మొదలుపెట్టింది.

ట్యూషన్ అంటే జగ్గయ్యపేటలో వాళ్ల వీధి చివరి ఫంక్షన్ హాల్లో నడిపించడం. అక్కడ వాచ్‌మన్ ఖాదర్ వలి మీరాబీకి వరసకు తమ్ముడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో సాయంత్రం పూట భోజనాల హాలు తెరిచిపెట్టేవాడు. కింద నున్నటి టైల్స్. ఒక చివర కుర్చీలో మీరాబీ, రెండో చివర గుర్తుకోసం పెట్టిన ఖాళీ నీళ్ల క్యాను. మధ్యలో పదకొండేళ్ల జాకియా, ముందు చక్రాలున్న వాకర్ పట్టుకుని, మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ అటూ ఇటూ తిరిగేది.

"ముందుకు చూడవే. కాళ్లెక్కడికీ పోవులే, ఉన్నచోటే ఉంటయ్," అనేది మీరాబీ.

జాకియా వెనకాల రేహానా. రెండు చేతులూ చాచి, పిల్లను తాకీ తాకకుండా, నడుం వంచి. తల్లి గనక ఆ చోటు ఆమెదేనని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. ట్యూషన్ ఎవరికైతేనేం, అలిసిపోయేది మాత్రం ఆమె.

జాకియా పుట్టగానే ఏడవలేదు. ఏడ్చేసరికి ఆలస్యమైంది. ఆ కాస్త ఆలస్యానికి మెదడులో ఎక్కడో దెబ్బ తగిలిందని, దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని, తగ్గేది కాదు గానీ మెరుగుపరచుకోవచ్చని డాక్టర్లు చెప్పారు. పిల్లకు తెలివికి లోటు లేదు. మాట కాస్త నెమ్మది, అంతే. కాళ్లే చెప్పిన మాట వినవు. ఆ కాళ్ల కోసం రేహానా తిరగని ఆస్పత్రి లేదు, కట్టని తాయెత్తు లేదు. ఇప్పుడు తిరిగే ఓపిక అయిపోయి, నందిగామ సెంటరు ఒక్కటి మిగిలింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జాకియా విషయంలో అది తలకిందులైంది. ఫంక్షన్ హాలు టైల్స్ మీద జారిపోయే వాకర్ చక్రాలు ఇంట్లో పాత నాపరాళ్ల సందుల్లో ఇరుక్కునేవి. వసారా దాటితే పెరడు, పెరడు చివర బాత్రూం, దానికో ఎత్తు గడప. అంతదూరం ఆ బండిని లాక్కెళ్లడం అయ్యే పని కాదు. కాబట్టి ఇంట్లో వాకర్ గోడకు ఆనించి ఉండేది. దాని మీద తువ్వాళ్లు ఆరేసేవాళ్లు. జాకియా వసారాలో పాకేది. బాత్రూంకి మాత్రం రేహానా ఎత్తుకెళ్లేది.

పిల్ల నడక మొదలుపెడితే తల్లికి బరువు తగ్గుతుందని లోకం అనుకుంటుంది. అది మామూలు పిల్లల్ని కన్నవాళ్లు అనుకునే మాట. ఎత్తుకెళ్తే చిటికెలో అయ్యే పని, "నడిపించవే, అలవాటవ్వాలి" అని అత్త గుర్తు చేసినప్పుడల్లా గంటలా సాగేది. వెనక నిలబడాలి, పడబోతే పట్టుకోవాలి, పడకపోయినా పట్టుకునేందుకు సిద్ధంగా ఉండాలి. చివరికి సగం దారిలో ఎత్తుకోనే ఎత్తుకోవాలి. పోయినేడు నడుంపట్టీ కొనుక్కుంది. ఈ ఏడు దాన్ని తియ్యడం మానేసింది. విసుగొచ్చేది. కడుపున పుట్టినదాని మీద విసుగొచ్చినందుకు సిగ్గేసేది. సిగ్గుపడే ఓపిక కూడా లేని రోజులు ఈమధ్య ఎక్కువయ్యాయి.

ఆ ఇంటి బాత్రూం తలుపుకు లోపల గడియ లేదు. జాకియా ఆరేళ్లప్పుడు పాకుతూ లోపలికి వెళ్లి, ఎలాగో కింది గడియ లాగేసుకుని, తీయడం రాక గుక్కపట్టి ఏడ్చింది. తండ్రి ఫారూఖ్ తలుపు పగలగొట్టి బయటికి తీశాడు. కొత్త తలుపు పెట్టించాడు గానీ గడియ పెట్టించలేదు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో లోపలున్నవాళ్లు దగ్గాలి. దగ్గే గడియ. మీరాబీ దగ్గు వీధిలోకి వినపడేది. చుట్టాలొస్తే వాళ్లకూ ముందే చెప్పేవాళ్లు. జాకియాకు మాత్రం దగ్గే అవసరం రాలేదు. ఆ పిల్ల లోపలున్నప్పుడల్లా పక్కన అమ్మ ఉండేది.

పరీక్షకు ముందు శుక్రవారం రేహానా తడి బండ మీద జారింది. చేతుల్లో జాకియా. పిల్లకు తగలకూడదని కింద తాను పడింది. మోచెయ్యి కుళాయికి కొట్టుకుని కళ్లు చీకట్లు కమ్మాయి. ఇంట్లో ఎవరూ లేరు. లేవాలి. లేచి మళ్లీ ఎత్తుకోవాలి. రేహానాకు ఆ క్షణంలో నొప్పి కన్నా, ఇలాగే ఇక్కడే ఇంకాసేపు లేవకుండా ఉండిపోదామన్న కోరికే ఎక్కువ కలిగింది.

"అమ్మా, తగిలిందా?" అంది జాకియా, ఆమె ఛాతీ మీద నుంచే.

"లేదులే."

"నానమ్మకి చెప్పకు. మళ్లీ నన్ను నడవమంటది."

ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి జాకియా నీళ్లు తాగడం తగ్గించింది. గ్లాసు ఇస్తే పెదాలు తడుపుకుని పక్కన పెట్టేది. ఎందుకో రేహానాకు తెలుసు. తెలిసీ తాగమని గట్టిగా అనలేకపోయింది. అన్ని సిగ్గుల్లోకీ పెద్ద సిగ్గు అదే.

ఆమెకు ఒక్క ఆశ ఉంది. పోయినసారి మహిమ మేడం ఒక మాట అంది. ఎవరో దాతలు కొన్ని సామాన్లు ఇచ్చారట, బాత్రూం గోడకు బిగించే కమ్ములు, దొడ్డికి కూర్చునే స్టీలు కుర్చీ. అవసరమున్న పిల్లల ఇళ్లకు మనుషుల్ని పంపి బిగించి ఇస్తామని, ఎవరికన్నది ఈసారి నడక చూశాక తేలుస్తామని చెప్పింది. పిల్ల పట్టుకు నిలబడేందుకు ఒక కమ్మి ఉంటే తన నడుం నిలబడుతుందని రేహానా లెక్క. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. పరీక్షకు తయారవుతున్న ఇంట్లో ఫెయిలయితే ఇచ్చే వస్తువు గురించి ఎవరు మాట్లాడతారు.

పరీక్ష రోజున మీరాబీ ఉప్పూ మిరపకాయలూ తీసి పిల్లకు దిష్టి దిగదుడిచింది. కొత్త చుడీదార్ వేసింది. ఫారూఖ్ ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీ తోలుతాడు. ఆ రోజు సెలవు పెట్టాడు. నలుగురూ బస్సెక్కారు. వాకర్‌ను ఎక్కడ పెట్టినా ఎవరికో ఒకరికి అడ్డమే. కండక్టర్ దాన్ని దాటిన ప్రతిసారీ రేహానా వంక చూశాడు, దాన్ని కన్నది కూడా ఆమే అన్నట్టు.

సెంటరు వరండా అటు నుంచి ఇటు దాకా నున్నటి గచ్చు. రెండు చివర్లా రంగు డబ్బాలు. వాటి మధ్య ఆరు నిమిషాలు ఎంత దూరం నడిస్తే అంత రాసుకుంటారు. మధ్యలో ఆగొచ్చు, తల్లి చెయ్యి వెయ్యకూడదు. రేహానాను గోడవారకు నిలబడమన్నారు. చాచడానికి లేని చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక కొంగు కింద పెట్టుకుంది.

జాకియా నడిచింది. అచ్చం ఫంక్షన్ హాల్లో నడిచినట్టే, ముందుకు చూస్తూ, డబ్బా దగ్గర బండి తిప్పుకుంటూ, ఆగకుండా నడిచింది. మీరాబీ తస్బీ పూసలు తిప్పుతోంది. ఫారూఖ్ ఫోన్లో వీడియో తీస్తూ తీస్తూ కళ్లు తుడుచుకున్నాడు. మిగతా పిల్లల తల్లులు తిరిగి తిరిగి చూశారు. రేహానాకు సంతోషం కలగలేదంటే అబద్ధం. అది పూర్తవక ముందే, ఇక కమ్ములు రావేమోనన్న భయం పట్టుకుంది.

"చాలా బాగా చేశావు జాకియా," అంది మహిమ, లోపల బల్ల దగ్గర కూర్చోబెట్టి. మహిమకు ముప్పయ్యేళ్లుంటాయి. పొద్దున్నుంచీ పిల్లల్ని చూసి చూసి ఆమె గొంతూ వాడిపోయి ఉంది. "పోయినసారికీ ఇప్పటికీ పోలికే లేదు. ఇంట్లో కూడా ఇట్లాగే నడుస్తుందామ్మా?"

"ఇల్లంతా నడిచే తిరుగుద్దండి మా పిల్ల," అంది మీరాబీ.

"బాత్రూంకి?"

"నడిచే పోద్ది."

మహిమ రేహానా వైపు చూసింది. రేహానా నేల చూసింది. ఆ ఇంట్లో పెద్దవాళ్లు బయటివాళ్ల ముందు ఒక మాట అన్నాక కోడలు ఇంకో మాట అనదు. భయమని కాదు. పదమూడేళ్ల మర్యాద.

"మంచిదండి. అయితే ఆ కమ్ములూ కుర్చీ వీరులపాడు పిల్లాడికి ఇచ్చేస్తా, వాడికి అవసరం. ఈ ఆరు నెలలూ మనం వేరే పని పెట్టుకుందాం. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ కాదు. మీ ఇంట్లోవాళ్లకి అన్నిటికన్నా ముందు ఏం కావాలో అది చెప్పండి. దాని మీదే పని చేద్దాం."

"బడి మెట్లెక్కాలండి," అన్నాడు ఫారూఖ్ తడుముకోకుండా. "దాని ఫ్రెండ్సంతా పైన ఆడుకుంటుంటే ఇది కింద కూర్చుంటదండి."

"నాకయితే ఆ బండి కూడా లేకుండా నడవాల," అంది మీరాబీ. "నా చెయ్యి పట్టుకుని దర్గాకి రావాల."

ఏ కోరికా తప్పు కాదు. రెండూ ప్రేమతో వచ్చినవే. అందుకే వాటికి అడ్డం చెప్పడం కష్టం.

"మీకు, రేహానా గారూ?"

వాళ్లు చెప్పిందేనండి అనే మాట నాలుక చివరికి వచ్చింది. అలవాటైన మాట. కానీ ఆరు నెలలు అన్న మాట రేహానా చెవిలో ఉండిపోయింది. ఆరు నెలలు ఆ గడప, ఆ తడి బండ, ఆ ఎత్తడం. ఆమెకు తెగింపు వచ్చి మాట్లాడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇక మొయ్యలేక మాట్లాడింది.

"ఇంట్లో నడవదండి," అంది.

ఫారూఖ్ తల తిప్పాడు.

"నున్నటి నేల మీద అయితేనే నడుస్తది. ఫంక్షన్ హాల్లో నేర్పాం. ఇంట్లో ఆ బండి కదలదు. బాత్రూంకి నేనే ఎత్తుకెళ్తున్నా. పోయిన శుక్రవారం ఇద్దరం పడ్డాం." కుడిచేతి బట్ట పైకి లాగింది. మోచెయ్యి నల్లగా కమిలి ఉంది. "నాకు మెట్లొద్దండి. నేను ఎత్తలేకపోతున్నా. పిల్ల నీళ్లు తాగట్లేదు, బాత్రూంకి లేస్తే నేను ఎత్తాలని. ఇంకేం చెప్పాలో నాకు తెలియట్లా."

"ఏందే ఆ మాటలు," అంది మీరాబీ. "ఇప్పుడే గదా అందరి ముందూ ఫస్టొచ్చింది."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఫారూఖ్ మెల్లగా.

"మీరొచ్చేసరికి అది నిద్రపోతుంటది. నేను కూడా."

వరండాలో మరో పిల్లాడి నడక మొదలైంది, చప్పుడు వినబడుతోంది. మహిమ పెన్ను కింద పెట్టింది. "మేం వరండాలో కొలిచేది పిల్ల ఏం చెయ్యగలదో. ఇంట్లో ఏం చేస్తుందో మాకు కనపడదండి. అది మీరు చెప్తేనే తెలిసేది. మామ్మగారూ, మీ పిల్ల నిజంగానే బాగా నడిచింది. ఆవిడ చెప్పిందీ నిజమే." తర్వాత జాకియా వైపు తిరిగింది. "అందర్నీ అడిగి నిన్ను మర్చిపోయా. నీకేం కావాలమ్మా ముందు?"

జాకియా మాటను లోపల కూర్చుకోవడానికి టైము పడుతుంది. నోటి కండరాలు కూడా కాళ్ల బాపతే. నలుగురూ ఆగారు.

"గడియ," అంది.

"ఏం గడియ?"

"బాత్రూంకి. లోపలి గడియ. నేను పెట్టుకోవాలి." ఊపిరి తీసుకుంది. "మా క్లాసులో అందరూ తలుపేసుకుంటారు. అమ్మ బయట ఉండాలి."

రేహానాకు చెంప మీద కొట్టినట్టయింది. తాను అడిగిందీ ఆ బాత్రూం గురించే. కానీ తాను అడిగిన బాత్రూంలో తానూ ఉంది, కమ్మి పట్టుకున్న పిల్ల పక్కన కాస్త తక్కువ నొప్పితో నిలబడి. పిల్ల అడిగిన బాత్రూంలో తనకు చోటే లేదు. పదకొండేళ్లుగా కడిగిన చేతులు. అవి తలుపు బయట ఉండాలట. ముందు ఏడుపొచ్చింది. తర్వాత, ఈ పిల్ల ఇన్నాళ్లూ ఎంత ఓర్చుకుందోనన్న ఆలోచన వచ్చి ఆ ఏడుపు ఆగిపోయింది.

మహిమ అన్నిటికన్నా పైన గడియ రాసింది. మెట్లూ దర్గా కింద రాసింది, కొట్టెయ్యలేదు. "ఇది మెట్లెక్కడం కన్నా తేలికేం కాదు," అంది. "గడప దాటాలి, తిరగాలి, బట్టలు తనే సర్దుకోవాలి, కూర్చోవాలి, లేవాలి. కమ్ములు మీకు కూడా ఇప్పించే దారి చూస్తా." వీరులపాడు పిల్లాడి కమ్ములు లాక్కోనవసరం లేదని తెలిశాక రేహానా ఊపిరి వదిలింది.

తిరుగు బస్సులో మీరాబీ వేరే సీట్లో కూర్చుంది. చిల్లకల్లు దగ్గర వెనక్కి తిరిగి, "నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు," అంది. రేహానా అప్పటికే సగం నిద్రలో ఉంది. ఇంకాసేపటికి మీరాబీ లేచి వచ్చి పక్కన కూర్చుంది. "ఏదీ, ఆ చెయ్యి చూపించు," అని బట్ట పైకి లాగి చూసి, "పసుపూ సున్నం పెట్టుకోవాలని కూడా తెలియదు," అని తిట్టింది. ఆమె క్షమాపణలు ఆ రకంగానే ఉంటాయి.

కమ్ములు వచ్చి బిగించేసరికి వానలు మొదలయ్యాయి. ఫారూఖ్ పెరట్లో బండల సందుల్లో సిమెంటు పూశాడు. ఊరందరి ఇళ్లకూ సిమెంటు తోలేవాడు సొంత పెరట్లో ఇన్నాళ్లూ చారెడు పోయలేదని తనను తానే తిట్టుకుంటూ పూశాడు. గడప పగలగొట్టి వాలు చేయించాడు. గడియ ఎంత ఎత్తులో పెట్టాలో జాకియా చేతనే ముట్టించి, అక్కడ పెన్సిల్ గీత గీసి బిగించాడు. మీరాబీ ట్యూషన్ ఫంక్షన్ హాలు నుంచి పెరట్లోకి మారింది. ఆమె కూర్చునే కుర్చీ కూడా అక్కడికే వచ్చింది. "సిలబస్ మార్చారు, ముందుదే నయం," అని రోజూ సణిగేది, రోజూ కూర్చునేది.

అన్నీ చక్కబడ్డాయని చెప్పడానికి లేదు. బట్టలు తడిసిన రోజులున్నాయి. జాకియా వాకర్ విసిరికొట్టిన రోజులున్నాయి. గడియ దాకా వెళ్లి, చెయ్యి వణికి, తలుపు దగ్గరకు వేసి వదిలేసిన రోజులే ఎక్కువ. ఆరు నెలలకు నందిగామ వరండాలో మళ్లీ కొలిస్తే పిల్ల పోయినసారి కన్నా తక్కువ దూరం నడిచింది. నున్నటి నేల అలవాటు తప్పింది మరి. మీరాబీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఫెయిలయిందే అని ఖాదర్ వలి దగ్గర వాపోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున జాకియా వాకర్ పట్టుకుని పెరట్లోకి దిగింది. వెనక అలవాటుగా రేహానా, చేతులు చాచి. వాలు ఎక్కింది. తలుపు దగ్గర జాకియా ఆగి, తల తిప్పకుండా, "ఆగు" అంది. లోపలికెళ్లి తలుపు మూసింది. గడియ తలుపుకు గీసుకుంటున్న చప్పుడు. తప్పింది. మళ్లీ తప్పింది. రేహానా తలుపు మీద చెయ్యి వెయ్యబోయి ఆపుకుంది. గడియ పడింది.

"పిల్లతో లోపల ఎవరున్నారు?" అంది వసారాలోంచి మీరాబీ.

"ఎవరూ లేరత్తమ్మా."

వసారాలో తస్బీ పూసల చప్పుడు వినబడింది. లోపల నీళ్లు పడుతున్నాయి. కమ్మి కిర్రుమంది. రేహానా చెవి తలుపుకు ఆనించింది.

"అమ్మా."

"ఆఁ, ఏం కావాలమ్మా?"

"అక్కడే ఉన్నావా?"

"ఉన్నా, ఉన్నా."

"పో. దూరంగా పో."

రేహానా వెనక్కి వచ్చింది. ఎక్కడికి పోవాలో తోచలేదు. పెరట్లో అత్త కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చుంది. చాచి ఉన్న చేతులు చూసుకుని ఒళ్లో పెట్టుకుంది. పొయ్యి మీద పాలున్నాయి, లేవాలి. ఇంకాసేపు లేవలేదు.